మ్యూజియముల ధర్మము

లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో 33ఎ అను గది యొకటి కలదు. వేడికి, తేమకు లోనుగాకుండ అద్దముల వెనుక నిలిపిన అందలి శిలాఫలకములు కృష్ణాతీరమున వెలసిన అమరావతీ మహాచైత్యమునకు చెందినవి. నూరింటికి మించిన ఫలకములును, స్తంభశకలములును లండనులో నున్నవి. వానిని చూడబోయిన ఆంధ్రునికి తన తాతలనాటి ఇంటిసామాను పరుల నట్టింట కనబడినట్లు తోచును. అట్లు తోచుట సహజమే. కాని ఆ సామాను ఎవరెవరి చేతులమీదుగ పోయినదో విచారింపకయే కోపగించుకొనుట మిక్కిలి సులభము. విచారించిన పిదప గూడ నిలుచు కోపము వేఱు. దానికే మేము విలువ నిత్తుము.

ఆ చరిత్రలో మొదటి పుట మనవారిదే. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు చింతపల్లిని విడిచి అమరావతిలో నూతననగరమును కట్టించుకొనుచున్నప్పుడు దీపాలదిన్నె యని జనులు పిలుచు దిబ్బ ఇటుకలకును, ఱాళ్ళకును గనియయ్యెను. దొరలు చలువరాళ్ళని వ్రాసిరి గాని అవి పలనాటి సున్నపుఱాళ్ళు. దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడెను. చెక్కడపు ఱాళ్ళు మెట్లయ్యెను. ఆ ప్రభువు దానశీలుడు, ఆలయనిర్మాత; దుర్మార్గుడు కాడు. తన కాలిక్రింది ఱాయి యేమో చెప్పువారు ఆయనకు లేకపోయిరి. పిదప కాలిన్ మెకంజీ వచ్చి చూచి, 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించిన ఱాళ్ళు మద్రాసునకు చేరి చాలకాలము ఎండవానలలో పడియుండెను. 1859లో వానిని ఓడలకెక్కించి లండను పంపిరి. అచటనైన గౌరవము దొరకెనా? 1867లో పారిసు ప్రదర్శనమునకు వస్తువులు వెదకుచు జేమ్సు ఫెర్గుసను అనునాయన వానిని ఒక బండ్లశాలలో కనుగొనవలసి వచ్చినది! 1880లో గాని అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరలేదు. 1992లో గాని నేటి శాల యేర్పడలేదు.

ఇక ఇచట, 1877లో సూయెలుదొర కొంత త్రవ్వగా, తరువాత గవర్నరు ఆజ్ఞచే దిబ్బ యంతయు ఒక్కసారిగ త్రవ్వబడెను. 1881లో బర్జెసు పండితుడు వచ్చి చూచునప్పటికి మిగిలినది గొయ్యి. ఏ ఱాయి ఏ దిక్కున, ఏ యెత్తున నుండెనో చెప్పగల సాక్ష్యము దానితో నశించినది. దొంగిలించిన వస్తువునైన తిరిగి తేవచ్చును. ఈ నష్టమును ఏ ఒడంబడికయు తీర్పజాలదు. మద్రాసులో మిగిలిన ఫలకములను కాపాడవలెనను సద్బుద్ధితోనే సిమెంటుతో గోడలలో పొదిగిరి. సిమెంటులోని లవణములు, గోడలోని తేమ కలిసి ఆ ఱాళ్ళనే తినసాగినవి. మ్యూజియపు వృత్తి యెంత కఠినమో దీనివలన తెలియును. సదుద్దేశము చాలదు, ఱాతి గుణమెఱిగిన విద్య కావలెను. ఆ విద్య గలవారికి తగిన జీతమిచ్చి, నిలకడగ పనిచేయనీయవలెను.

"మా యొద్దనుండుటచేతనే అవి బ్రతికినవి" అని లండనువారును, వారి పక్షమువారును చిరకాలముగ వాదించుచున్నారు. ఇందు కొంత నిజము లేకపోలేదు. మెట్లలోనికి పోవలసిన ఱాళ్ళు కొన్ని లండను పోవుటచే దక్కినవి. కాని 2023 ఆగస్టులో ఆ సంస్థయే తన భాండాగారమునుండి వస్తువులు మాయమైనవనియు, కొన్ని చెడగొట్టబడినవనియు ఒప్పుకొనవలసివచ్చెను. వాని సంఖ్య రమారమి 2,000 అని అధ్యక్షుడే చెప్పెను. డైరెక్టరు పదవి వదలుకొనెను. పోయిన వానిలో పెక్కింటికి సరియైన పట్టికయే లేదు. పట్టికలో లేని వస్తువు పోయినను పోయినట్లు తెలియదు గదా! ఇంతటి ధనికసంస్థలో నిట్లు జరిగినపుడు "మీరు కాపాడలేరు" అని ఇతరులతో ననుటకు నోరెట్లాడును? 1963 నాటి చట్టము తమ చేతులు కట్టివేసినదని వారు చెప్పు రెండవ మాట. చట్టము శిలాశాసనము కాదు. దానిని చేసిన పార్లమెంటే దానిని సవరింపగలదు.

కాలము మాఱుచున్నదనుటకు నిదర్శనములు కలవు. 1897లో ఆంగ్లసేన బెనినుపై దండెత్తి కొల్లగొట్టిన కంచుప్రతిమలలో వేయింటికి మించిన వానిపై హక్కును 2022లో జర్మనీ నైజీరియాకు ఒప్పగించెను. ఆ సంవత్సరమే ఆగస్టులో స్కాట్లండులోని గ్లాస్గో నగరమువారు భారతదేశమునకు ఏడు వస్తువులను మరలింప ఒడంబడిక వ్రాసిరి. అందు హైదరాబాదునుండి పోయిన ఖడ్గమొకటి కలదు. పరరాజ్యముల మ్యూజియము లన్నియు గడియలు బిగించుకొని కూర్చుండలేదు. లండనువారిని మనమడుగునది అపూర్వము కాదు.

మనకు మిక్కిలి దగ్గఱి కథ చందవరముది. ప్రకాశము మండలమందలి ఆ బౌద్ధక్షేత్రమునుండి దొంగిలింపబడిన "బుద్ధుని అర్చించు భక్తులు" అను శిల్పమును ఆస్ట్రేలియా జాతీయ కళాశాల 2005లో న్యూయార్కు వర్తకురాలు నాన్సీ వీనరునొద్ద 5,95,000 డాలర్లిచ్చి కొనెను. చూపించిన కాగితములు సక్రమముగనే కనబడెను. కాని ఆ శిల్పము చందవరముననే యుండగా తీసిన ఛాయాచిత్రములు బయటపడెను. దానితో వాదము ముగిసెను. 2016లో శిల్పము భారతదేశమునకు తిరిగివచ్చెను. 2021లో ఆ వర్తకురాలు న్యూయార్కు న్యాయస్థానమున తన నేరము నొప్పుకొనెను. ఎన్ని తీర్మానములు, ఎన్ని ఉపన్యాసములు చేయలేని పనిని ఎవరో శ్రద్ధతో తీసిపెట్టిన ఛాయాచిత్రము చేసినది. దీనిని మా పాఠకులు మనసున నుంచుకొందురుగాక. మరల దీనికి వత్తుము.

అంతకుముం దొక చేదుమాట చెప్పవలసియున్నది. హైదరాబాదు పబ్లికుగార్డెన్సులోని రాష్ట్ర పురావస్తుశాలలో ఈజిప్టుదేశపు యువతి నైషు శవము, వేలయేండ్ల నాడు మందులుపూసి గుడ్డలుచుట్టినది, అద్దపు పెట్టెలో నున్నది. ఆఱవ నిజాముగారి అల్లుడు వేయి పౌనులిచ్చి కొనితెచ్చెననియు, ఏడవ నిజాము 1930లో మ్యూజియమునకిచ్చెననియు చెప్పుదురు. సెలవుదినములలో పిల్లలు వరుసగా నిలిచి దానిని చూచుచుందురు. ఆమె మరణించినపుడు తన వారు ఏ మంత్రములు చదివి, ఏ లోకమునకు పంపితిమని తలంచిరో గాని, బాగేఆమునకని మాత్రము తలంచియుండరు. అమరావతి ఱాళ్ళకై మనము లండనువారి నడుగు ప్రశ్నను ఈజిప్టువారు మనలనడిగిన నేమి చెప్పుదుము? కొన్నామని చెప్పుదుమా? చందవరపు శిల్పమును గూడ కొనియేయుండిరి. జాగ్రత్తగ కాపాడుచున్నామని చెప్పుదుమా? అది లండనువారి మాటయే. ఆమెను వెంటనే పంపివేయుమని మేము తొందరపెట్టుట లేదు. కాని మనిషి శరీరమును వింతవస్తువుగ చూపుట తగునా యనునది మన పండితులు తామై ముందు విచారింపవలసిన విషయము. ఒకరు వచ్చి తలుపుతట్టిన పిదప విచారించుట గౌరవము కాదు.

మద్రాసు మ్యూజియమున నున్న అమరావతి శిల్పములనుగూర్చి అప్పుడప్పుడు మనలో కోలాహలము రేగుచుండును. అవి కొల్లసొమ్ము కావు. ఒకే రాష్ట్రముగ నున్ననాడు చేరినవి. 1953లో ఇల్లు వేఱుపడినది. సోదరులపై దావాకంటె ఉమ్మడి పట్టికయు, వంతులవారి ప్రదర్శనములును మేలని మా యభిప్రాయము. నాగార్జునకొండ త్రవ్వకములలో దొరకిన వస్తువులను ఆ కొండమీదనే, నేడు ద్వీపమైన చోటనే, 1966లో ప్రారంభమైన మ్యూజియమున నిలిపిరి. సాగరజలములలో లోయ మునిగినను వస్తువులు తమ ఊరు విడువలేదు. కోరిక యున్నచో మార్గమున్నదనుట కది చాలును.

ఇపుడు రామకుప్పమునకు వత్తము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలు వీరగల్లులకు పేరుపడినవి. బాణులు, వైదుంబులు, నొలంబులు ఒకరితోనొకరు పోరాడిన కాలమున పసులమందలను విడిపించుచు, ఊరిని కాపాడుచు నేలకొరగిన వారి గుర్తులవి. వానిపై అక్షరములున్నచో 9, 10 శతాబ్దుల తెలుగు మనకు వానినుండియే తెలియవలెను. ఏ పెద్ద కావ్యమును పుట్టకమున్నటి తెలుగది! ఇటు కన్నడసీమ, అటు తమిళసీమ. ఈ మూలలోని ఱాళ్ళు మూడుభాషల చరిత్రకును సాక్షులు. వానిని కొలుచువారు కలరు. పసుపుపూసి జాతరనాడు కోడిని కోయువారు కలరు. దున్నుటకు అడ్డమని గట్టుపైకి దొర్లించిన వారును కలరు. ఎనామెలు రంగుపూయుట, గుప్తనిధులకై త్రవ్వుట, నల్లఱాతి గనులలో తెలియక పగులగొట్టుట అనునవి నేటి శత్రువులు. లండనువారొక్క రాయిని గూడ ఇచటినుండి దొంగిలింపబనిలేదు, మనమే ముగింపగలము.

అట్లయినచో వీనినన్నిటిని బండ్లకెక్కించి చంద్రగిరి రాజమహలులోని మ్యూజియమునకో, మఱియొక పట్టణమునకో చేర్చుదమా? కొందఱు విద్యాధికులు అట్లు చెప్పుదురు. మేము సమ్మతింపము. ఊరివారు దేవుడని మ్రొక్కు ఱాతిని ఊరివారి నడుగక తీసికొనిపోవుట 1859లో జరిగిన పనికి తమ్ముడు. వీరుడు పడిన చోటున నిలిచిన ఱాయికి ఆ చోటే సగము అర్థము. ఐతే పగిలినదానిని, కాపాడ దిక్కులేనిదానిని, ఊరు ఒప్పుకొన్నచో చేర్చవచ్చును; చేర్చినపుడు ఏ ఊరిది, ఏ పొలముది, ఎవరు అనుమతించిరి అను మూడు మాటలను పుస్తకమున వ్రాయవలెను. ఈ వ్రాతపని చేయని ఉద్యోగి ఎంత పండితుడైనను మ్యూజియమునకు పనికిరాడు.

భూస్వాములగు పాఠకులతో ఒక్కమాట. భూమిలో దాగియుండి దొరకిన వస్తువు విలువ పదిరూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టము చెప్పుచున్నది. నూఱేండ్లకు తక్కువకాని శిల్పములను విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము శాసించుచున్నది. తెలిపినచో పొలమును ప్రభుత్వము లాగుకొనునను భయముచే పెక్కుఱాళ్ళు రాత్రికి రాత్రి బావిలో పడుచున్నవి. ఈ భయమును పోగొట్టుట అధికారుల ధర్మము. తెలిపిన రైతును నేరస్థుని జూచినట్లు చూచి, పదిమార్లు కచేరీకి త్రిప్పు పద్ధతి పోనిదే ఏ చట్టమును ఊరిలోనికి రాదు.

చందవరపు ఛాయాచిత్రమును పాఠకులు మఱవలేదు గదా. నేడు ప్రతియింటను ఛాయాచిత్రము తీయగల ఫోను కలదు. రామకుప్పపు ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు తలచుకొన్నచో ఒక్క వేసవిలో ఆ మండలమందలి ప్రతి వీరగల్లును నాలుగువైపులనుండి తీసి, ఎత్తు, వెడల్పు కొలిచి, పొలము సర్వే సంఖ్యతో వ్రాసిపెట్టగలరు. అక్షరములున్నచో చదువుటకు కుప్పములోనే 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. ప్రతులు మూడు కావలెను: ఒకటి పంచాయతి కచేరీలో, ఒకటి విశ్వవిద్యాలయమున, ఒకటి పురావస్తుశాఖయొద్ద. పిల్లలచేత ఱాళ్ళు తోమింపవలదు, పటిక, ఆమ్లము మున్నగువానితో కడిగింపవలదు. ముందు చిత్రము, తరువాత మాత్రమే నీళ్ళు.