గలీబుకి రీసేల్ వాల్యూ ఎంత?

ఇష్టపడి ఏదైనా కొనుక్కుంటే చాలు, "అమ్మితే ఎంతొస్తుంది?" అని అడిగే జనాభా ఈ మధ్య మరీ ఎక్కువైపోయింది. ఇల్లు కొన్నవాణ్ణి అడగండి, అర్థం ఉంది. బంగారం కొన్నవాణ్ణి అడగండి, అదీ సరే. ఆరొందల రూపాయలు పెట్టి బొమ్మల ప్లాస్టిక్ కవర్లు కొనుక్కున్నవాణ్ణి కూడా పట్టుకుని అదే ప్రశ్న అడుగుతుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

సంగతేంటంటే, నేను స్లీవులు సేకరిస్తాను. కార్డులు కాదండీ, స్లీవులు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: పోకెమాన్, మ్యాజిక్ ద గ్యాదరింగ్, యు-గి-ఓ లాంటి ఆటల్లో కార్డులు నలిగిపోకుండా ఒక్కోదానికీ ఒక పల్చటి తొడుగు వేస్తారు. దిండుకి గలీబు ఎలాగో కార్డుకి స్లీవ్ అలాగ. ముందువైపు అద్దంలా ఉంటుంది, వెనకవైపు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మే నాక్కావలసింది. నేనుండేది టోక్యోలో. పగలంతా ఎవరో మహానుభావుడు ఎప్పుడో రాసి వదిలేసిన జావా కోడుకి అతుకులెయ్యడం, శనివారం అకిహబారా వెళ్ళి రేడియో కైకాన్ మెట్లెక్కడం. ఆ బిల్డింగులో కార్డుల కొట్లు బోలెడు. జనమంతా అద్దాల బీరువాల్లో కార్డుల ధరలు చూస్తుంటారు, నేను గోడకి వేలాడే స్లీవుల దగ్గర నిలబడతాను.

మొదట్లో స్లీవులు బొమ్మల కోసం పుట్టలేదు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ మ్యాజిక్ ఆట తయారుచేసినప్పుడు కార్డులు ఉత్తి అట్టముక్కలే, నేల మీద పరుచుకుని ఆడేశారు. ధరలు పెరిగాక భయం వచ్చింది, భయంతో తొడుగు వచ్చింది. వెనక గీత పడ్డ కార్డుని ఎదుటివాడు గుర్తుపట్టేస్తాడు కాబట్టి వెనకవైపు రంగు వేశారు. రంగు వేసేచోట బొమ్మ వేస్తే పోయేదేముంది అని ఎవరికో తట్టింది (ఆ ఎవరికోకి దణ్ణం). జపాన్‌లో అయితే ఇది ఒక పెద్ద ప్రపంచం. 2007లో పెట్టిన బుషిరోడ్ అనే కంపెనీ తన స్లీవులకి వరస నంబర్లు ఇస్తుంది, ఆ నంబర్లు ఎప్పుడో వేలల్లోకి వెళ్ళిపోయాయి. మోవిక్ వాళ్ళ ప్యాకెట్లో 65 ఉంటాయి, పోకెమాన్ సెంటర్ వాళ్ళ ప్యాకెట్లో 64. ధర వెయ్యి యెన్లకి అటూ ఇటూ. అంటే మన లెక్కలో సుమారుగా ఆ ఆరొందలు.

మా ఆఫీసులో ఒక గుంటూరు కుర్రాడున్నాడు. మంచివాడే, కానీ దేన్ని చూసినా ఎక్సెల్ షీటే కనిపిస్తుంది. నా ఆల్బమ్ తిరగేసి "అన్నా, అదేదో కార్డులే కొనొచ్చుగా, కనీసం రేటన్నా పెరుగుద్ది" అన్నాడు. సరిగ్గా అదే తమ్ముడూ నా గొడవ. రేటు పెరుగుద్ది కాబట్టే కొనను.

కార్డులకి ఏం జరిగిందో చూడండి. పికాచు ఇల్లస్ట్రేటర్ అని ఒక కార్డుంది. 1997, 98 సంవత్సరాల్లో కొరోకొరో అనే పిల్లల పత్రిక బొమ్మలు గీసే పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళకి బహుమతిగా ఇచ్చింది. మొత్తం 39. బొమ్మ వేసింది అసలు పికాచుకి రూపం ఇచ్చిన అత్సుకో నిషిదా. ఆలోచించండి, బాగా బొమ్మలేసిన పిల్లకాయలకి, పికాచుని పుట్టించిన చిత్రకారిణి వేసిన బొమ్మ! ఇంతకన్నా ముచ్చటైన బహుమతి ఉంటుందా? 2021లో అందులో ఒకదాన్ని లోగన్ పాల్ అనే యూట్యూబ్ ప్రముఖుడు 52 లక్షల 75 వేల డాలర్ల లెక్కన సొంతం చేసుకున్నాడు. మరుసటేడు రెసిల్‌మేనియాకి దాన్ని గొలుసుకి తగిలించి మెళ్ళో వేసుకుని బరిలోకి వచ్చాడు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులతో ఎండాకాలం సెలవులు గడిపిన మన తరానికి ఇంతకన్నా పెద్ద వెటకారం ఇంకోటి లేదు :) మన చిన్నప్పుడు రెసిలర్లు కార్డుల మీద ఉండేవాళ్ళు, ఇప్పుడు కార్డు రెసిలర్ మీదుంది.

ఇదేదో ఒక్కడి పిచ్చి అనుకుంటే పొరపాటు. 2021 మేలో అమెరికాలో టార్గెట్ దుకాణాలు పోకెమాన్ కార్డులు అమ్మడం కొన్నాళ్ళు ఆపేశాయి, విస్కాన్సిన్‌లో ఒక దుకాణం పార్కింగులో కార్డుల కోసం కొట్టుకున్నారు కనక. 2025 ఆగస్టులో ఇక్కడే జపాన్‌లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు పిల్లల భోజనంతో పోకెమాన్ కార్డులిస్తే, జనం కట్టలు కట్టలు కొని, కార్డులు తీసుకుని తిండి పారేశారు. కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. అన్నం పారేసి అట్టముక్క పట్టుకెళ్ళే చోటికి చేరిందన్నమాట వ్యవహారం. ఇంకా విచిత్రం చెప్పనా? పాత కార్డులు కొన్నిటిని ఇక ఎప్పటికీ మళ్ళీ అచ్చువెయ్యమని మ్యాజిక్ కంపెనీ 1996లోనే మాటిచ్చింది. ఎవరికిచ్చింది? ఆడేవాళ్ళకా? కాదు, దాచుకున్నవాళ్ళకి. ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది.

స్లీవ్ ఈ రోగానికి అందకుండా ఇన్నాళ్ళు ఎలా బతికిందంటే, అందులో లాటరీ లేదు. కార్డుల ప్యాకెట్ కొంటే లోపలేముందో తెలీదు. జపాన్ పోకెమాన్ ప్యాకెట్లో సాధారణంగా 5 కార్డులుంటాయి, మీకు కావలసింది రావచ్చు, రాకపోవచ్చు. రాలేదా, ఇంకో ప్యాకెట్. జూదానికి దీనికి తేడా ఏంటో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. స్లీవ్ ప్యాకెట్ అలా కాదు. ఏ బొమ్మ అట్ట మీదుందో అదే లోపల ఉంటుంది, అన్నీ అదే. నచ్చితే కొంటారు, లేకపోతే తగిలించేసి వస్తారు. అంత నిజాయితీ ఉన్న వస్తువులు మార్కెట్లో ఎన్నున్నాయి చెప్పండి?

పైగా బొమ్మ కావాలనుకునేవాడికి కార్డు కంటే స్లీవే నయం. కార్డు వెడల్పు 63 మిల్లీమీటర్లు, పొడవు 88. మామూలు మ్యాజిక్ కార్డులో అందులో బొమ్మకి దక్కేది సగం కూడా కాదు. మిగతాదంతా పేరు, నియమాలు, అంకెలు. కార్డంతా బొమ్మే ఉన్నవి కూడా వస్తాయి, కానీ చాలావరకు అవి అరుదైనవి, అంటే మళ్ళీ ధర. స్లీవ్ మీద మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా బొమ్మే. కార్డులు సేకరించే పెద్దమనుషులు నన్ను చూసి "రేపర్లు ఏరుకునేవాడు" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. చిన్నప్పుడు మనం అగ్గిపెట్టె బొమ్మలు చింపి దాచుకున్నాం, పుల్లలెవరైనా దాచుకున్నారా?

అలాగని స్లీవుల కంపెనీలన్నీ ధర్మప్రభువులని చెప్పడం లేదు. కార్డు మీద కింద చిన్న అక్షరాల్లోనైనా చిత్రకారుడి పేరుంటుంది. స్లీవుల్లో చాలావాటి మీద కంపెనీ కాపీరైట్ తప్ప గీసినవాళ్ళ పేరు కనిపించదు. బొమ్మనే అమ్ముకుంటూ బొమ్మేసిన చెయ్యి ఎవరిదో చెప్పకపోవడం ఏం మర్యాద? ఈ విషయంలో కొమికెట్‌కి వెళ్ళాల్సిందే. 1975లో మొదలైన సొంత ప్రచురణల సంత అది, ఇప్పుడు ఏటా ఆగస్టులో, డిసెంబరులో టోక్యో బిగ్ సైట్‌లో జరుగుతుంది. అక్కడ గీసినవాళ్ళే బల్ల వేసుకుని, తాము అచ్చేయించుకున్న స్లీవులు తామే అమ్ముకుంటారు. కొట్టు ధర కంటే ఓ రెండొందల యెన్లు ఎక్కువైనా నేను బేరమాడను.

ప్లాస్టిక్ కదా, పర్యావరణం మాటేంటి అంటారు కొందరు. నిజమే, ప్లాస్టికే. ఈ ఒక్క వాదనకి నా దగ్గర గట్టి జవాబు లేదు. నెలకి రెండు ప్యాకెట్లు దాటకుండా కొంటాను, కొన్నది పారెయ్యను, అంతే చెప్పగలను. (బొమ్మ గీతలు పడకుండా బొమ్మ స్లీవ్ మీద ఇంకో పారదర్శక స్లీవ్ వేసేవాళ్ళున్నారిక్కడ. కార్డుని అంటిపెట్టుకుని లోపలొకటి, మధ్యలో బొమ్మది, పైన ఇంకోటి. గలీబుకి గలీబు, దానికి దుప్పటి. వాళ్ళకి నేను వకాల్తా పుచ్చుకోను.)

ఇక అసలు కోపం దగ్గరికొస్తా. ఈ మధ్య స్లీవుల్లోకీ దిగారు ఆ బాపతు జనం. కొత్త బొమ్మ వచ్చిన రోజే పది ప్యాకెట్లు కొనేసి, సీలు తియ్యకుండా బీరువాలో పెట్టి, కొట్లో అయిపోయాక రెండింతలకీ మూడింతలకీ అమ్మడం. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో నూట ఎనభై ప్యాకెట్లున్నాయి, ఒక్కటీ తెరవలేదు. "ఇది చూశారా, ఈ సముద్రం బొమ్మ ఎంత బాగుందో" అంటే, "సీలుంటేనే రేటండీ" అన్నాడు. బొమ్మ పేరు కూడా చూళ్ళేదు, స్టాకు రిజిస్టర్లాగా నంబరు చెప్పాడు. కంపెనీలు బాగా అమ్ముడుపోయిన బొమ్మల్ని మళ్ళీ మళ్ళీ అచ్చేస్తే ఈ బీరువాలు ఒక్క వారంలో ఖాళీ అవుతాయి. వెయ్యి యెన్ల వస్తువుకి అపురూపం అనే ముద్ర అక్కర్లేదు. అపురూపమైనవి కావాలంటే కార్డులున్నాయిగా, అక్కడికి దయచెయ్యండి.

మేము చేసే పని ఇంకోటుంది, అది వాళ్ళకి అస్సలు మింగుడుపడదు. శనివారం సాయంత్రాలు ఎనిమిది మందిమి ఒక కార్డుల కొట్లో బల్ల దగ్గర కలుస్తాం. ఇద్దరం తెలుగువాళ్ళం, ఒక తమిళాయన, మిగతావాళ్ళు జపనీయులు. తలా ఒక ప్యాకెట్, ఎనిమిది వేరువేరు బొమ్మలు. అందరం సీలు చింపేస్తాం. 64ని ఎనిమిదితో భాగిస్తే ఎనిమిది. తన బొమ్మవి ఎనిమిది ఉంచుకుని తక్కిన ఏడుగురికీ ఎనిమిదేసి ఇచ్చేస్తాడు ప్రతివాడూ. ఒక్క ప్యాకెట్ డబ్బుతో ప్రతివాడికీ ఎనిమిది బొమ్మలు. మన ఊళ్ళో చీటీలు వేసుకున్నట్టే, కాకపోతే పాడుకోవడం లేదు, ఎగ్గొట్టి పారిపోయేవాడూ లేడు. ఇంటికెళ్ళి ఒక్కో బొమ్మకి ఒకటి తొమ్మిది అరల పేజీలో పెడతాను. రెండువైపులా కలిపి పేజీకి 18, ఇరవై పేజీల ఆల్బమ్‌కి 360. (ఆల్బమ్ పేజీలు పాలీప్రొపిలీన్‌వి చూసి కొనండి. చవకగా దొరికే పీవీసీ పేజీలు కొన్నాళ్ళకి జిగురు పట్టి బొమ్మని లాగేస్తాయి. ఎండ తగిలేచోట పెట్టొద్దు.) మిగిలినవి మా పాప స్నేహితులకి ఇస్తుంది, వాళ్ళు ఆడుకునే కార్డులకి తొడుక్కుంటారు. ఆట నియమాల ప్రకారం పేకంతటికీ ఒకే రకం ఉండాలి గానీ పిల్లలు బడి మెట్ల మీద ఆడుకునేదానికి జడ్జి ఎవడొస్తాడు లెండి!

ఇలా చింపిన ప్యాకెట్‌కి రీసేల్ వాల్యూ సున్నా. గుంటూరు తమ్ముడు ఆ లెక్క విని రెండు నిమిషాలు మౌనం పాటించాడు. తర్వాత వచ్చి "అన్నా, ఆ నక్కల బొమ్మది ఒకటిస్తావా, మానిటర్‌కి అంటించుకుంటా" అన్నాడు. ఇచ్చాను.

ఈ నెల మా ఎనిమిది మందిలో ఒకాయన బదిలీ మీద ఒసాకా వెళ్ళిపోయాడు. ఏడుగురం మిగిలాం. 64ని ఏడుతో భాగిస్తే తొమ్మిదేసి పోగా ఒకటి మిగులుతోంది, దాని కోసం ప్రతివారం చీట్లు తియ్యాల్సొస్తోంది. నిషి కసాయ్ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి, ఒక కుర్చీ ఖాళీగా ఉంది.