నిమ్మకాయ తొక్కించాం సరే, బ్రేకు చూశామా?

పోస్టు కొంచెం పొడుగే. ఓపికగా చదివి, మీ ఇంట్లో బండి నడిపే పిల్లలకు కూడా చూపించండి.

పోయిన నెల మా మేనల్లుడు వాల్పారై నుంచి కిందికి దిగుతున్నాడు. వాడిది పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ముచ్చటపడి కొన్నాడు. ఇంజను వేగం పెంచాడు. వెనక డ్రమ్ములు తీసేయించి, వేరే కారు కాలిపర్లతో డిస్కులు వేయించాడు. ఆ దారిలో 40 హెయిర్‌పిన్ వంపులు. సగం దిగేసరికి బ్రేకు పెడల్ నేలకు ఆనింది. గేర్లు తగ్గించుకుంటూ వచ్చి, కొండవైపు మట్టిగట్టుకు రాయించి ఆపాడు. రెండోవైపు లోయ. పక్క సీట్లో ఉన్నది మా అక్క.

పెడల్ మెత్తగా ఉందని వాడు ముందే చెప్పాడు. మార్పులు చేసిన షాపువాళ్లు ప్యాడ్లు మార్చారు, బూస్టర్ మార్చారు, మాస్టర్ సిలిండర్ మార్చారు, మూడుసార్లు గాలి తీశారు. 28,000 రూపాయలు అయింది. తప్పు ఎక్కడుందో మాత్రం ఎవరూ వెతకలేదు.

తర్వాత సింగానల్లూరులో మనవాడే, పాత మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు స్పానర్ పట్టలేదు. ఇంజను ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, తొక్కిపట్టి ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. పెడల్ కొంచెం దిగింది. అంటే బూస్టర్ పనిచేస్తున్నట్టే. మళ్లీ గట్టిగా తొక్కి పట్టుకోమన్నాడు. మెల్లమెల్లగా దిగిపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయినట్టు, లేకపోతే ఎక్కడో ఆయిల్ కారుతున్నట్టు. అలా దిగలేదు. తర్వాత చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలను క్లాంపుతో జాగ్రత్తగా నొక్కి చూశాడు. వెనక రెండూ నొక్కగానే పెడల్ రాయిలా గట్టిపడింది. రోగం వెనకే ఉందని తేలడానికి పది నిమిషాలు పట్టింది.

కింద పడుకుని చూసి నవ్వాడు. ఎడమ కాలిపర్ కుడివైపు, కుడిది ఎడమవైపు బిగించారు. గాలి తీసే నిపుల్ పైన ఉండాల్సింది కిందికి వచ్చింది. "గాలి మీదికి కదా పొయ్యేది సామీ? కిందనుంచి లాగితే ఎట్ల వస్తుంది?" అన్నాడు. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. మన కాలి బలమంతా ఆ గాలిని నలపడానికే పోయింది. ఘాట్‌లో వేడికి ఆ బుడగ ఇంకా ఉబ్బింది. కాలిపర్లు అటూ ఇటూ మార్చి, పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశాక పెడల్ సరిపోయింది.

ఇది విని "అసలు బండికి మార్పులే వద్దు" అనే పెద్దలున్నారు. నేను ఒప్పుకోను. జి.డి. నాయుడు గారి ఊరు మనది. ఆయన మోటార్‌సైకిల్ కొని, విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి-పళని మధ్య బస్సు నడిపారు. విప్పడం తప్పు కాదు. ఎందుకు విప్పుతున్నామో తెలియకుండా విప్పడం తప్పు. వేగం పెంచడానికి లక్ష పెట్టే పిల్లవాడు ఆపడానికి ఎంత పెట్టాడో మనం అడగం. సైలెన్సర్ మోత విని భుజం తడతాం. నేనూ తట్టినవాణ్నే.

ఆయుధపూజకు బండి కడిగి, గంధం బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తాం. బ్రేకు ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందని అడిగితే సగం మందికి తెలియదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

సంఘం కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఈసారి అందరం కలిసి కొండకు పోయే ముందు ఒక ఆదివారం పొద్దున బళ్లన్నీ ఒకచోట చేర్చి బ్రేకులు చూపిద్దాం. మెకానిక్ కూలి నేనిస్తాను. మా అక్క ఇంకా ఆ కారు ఎక్కడం లేదు. మేనల్లుడు అడిగితే "ఇంకో నెల పోనీరా" అంటోంది.