ఐ.పి. అంటే పరారీ కాదు

చంద్రగిరి బజారులో ‘ఫలానావాడు ఐ.పి. పెట్టాడు’ అన్న మాట వినబడితే, అప్పు ఎగవేసి ఊరు విడిచాడనే మనం అర్థం చేసుకుంటాం. ఆ అపార్థం వల్లనే తీర్చలేని నిజాయితీపరుడు సిగ్గుతో రాత్రికి రాత్రే వెళ్ళిపోతున్నాడు; ఋణదాతలు ఆశ వదులుకుంటున్నారు. ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. తన ఆస్తినీ అప్పునూ దాపరికం లేకుండా న్యాయస్థానం ముందుంచడం.

2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలైంది. చిన్న దుకాణదారుకు దిక్కు ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. దాని ప్రకారం 500 రూపాయల అప్పు తీర్చలేనివాడు కూడా తాను నివసించే లేదా వ్యాపారం చేసే ప్రాంతంపై అధికారమున్న కోర్టులో అర్జీ వేయవచ్చు. ప్రతి బాకీ, ప్రతి ఋణదాత పేరు, నివాసం, ఉన్న ఆస్తి, దాని విలువ అందులో రాయాలి. విచారణ తేదీని ఋణదాతలకు తెలియజేస్తారు. ఆస్తి దాచినా, లెక్కలు మార్చినా ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. దివాలా ప్రకటనతోనే అప్పు మాసిపోదు. ఆ తరువాత డిశ్చార్జి ఉత్తర్వు కోరాలి. మోసంతో చేసిన అప్పు దానితోనూ తొలగదు. జామీను ఉన్నవాని బాధ్యతా తప్పదు.

ఈ జాబితాలో మన ఇళ్ళు మరచిపోయే ఋణదాత ఒకరున్నారు. చెల్లించని మెహర్ భార్యకు భర్త బాకీయే. ఆమె పేరు కూడా రాయవలసిందే. అయితే మెహర్ పేరు చెప్పి ఇల్లు ఆమె పేర మార్చి, తక్కినవారికి చేతులు చూపడం న్యాయం కాదు. బదిలీ జరిగిన రెండేళ్ళలోపు వేసిన అర్జీపై దివాలా ప్రకటన వెలువడితే, సద్భావంతో, తగిన ప్రతిఫలానికి జరగని ఆ బదిలీని కోర్టు రద్దు చేయగలదు.

జమాత్ పెద్దల రాజీ చాలదా అంటారు. అందరూ ఒప్పుకొంటే అంతకన్నా మేలు లేదు. కాని ఒప్పుకోని ఋణదాతను ఆ రాజీ కట్టిపడేయలేదు. డిక్రీ అమలులో జరిగే అరెస్టును ఆపలేదు. దివాలా ప్రకటన తరువాత ఆ అరెస్టు నుంచి రక్షణ ఇచ్చే అధికారం కోర్టుకుంది.

బాకీని రాసుకొమ్మనీ, ఇబ్బందిలో ఉన్నవానికి గడువివ్వమనీ సూరా బఖరా బోధిస్తుంది. మొదటిది అర్జీదారు నిజాయితీకి, రెండవది ఋణదాత ఓర్పుకు దారి. 1987 నాటి చట్టం మేరకు స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అప్పిచ్చిన మన అక్కచెల్లెళ్ళను నోటీసు అందిన రోజే న్యాయసేవా కమిటీ వద్దకు తీసుకువెళ్ళే బాధ్యతను మసీదు కమిటీలు స్వీకరించాలని కోరుతున్నాం.