గ్రాఫిక్స్ కార్డు కొనేముందు

భిలాయి ఉక్కు పట్టణం నుండి ఒక పాఠకులు సుదీర్ఘమైన లేఖ వ్రాశారు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వలన వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఆ కర్మాగారానికి, ఉత్తరాంధ్ర నుండి పని వెదుక్కుంటూ తరలిన కుటుంబాలలో వీరిది ఒకటి. అబ్బాయి పన్నెండవ తరగతి చక్కగా గట్టెక్కాడు. అందుకు బహుమానంగా కంప్యూటర్ ఆటలకు మంచి గ్రాఫిక్స్ కార్డు కొనిపెడతానని తండ్రిగారు మాట ఇచ్చి, 35,000 రూపాయలు విడిగా తీసిపెట్టారు. కొడుకు ఒక పేరు చెబుతున్నాడు. దుకాణదారు అదే పేరు చివర రెండక్షరాలు చేర్చి మరికొన్ని వేలు అడుగుతున్నాడు. ‘ఇద్దరిలో ఎవరి మాట వినాలి?’ అన్నది వారి ప్రశ్న.

మా సమాధానం: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినవద్దు. కార్డు పేరుతో విచారణ ప్రారంభించడమే పొరపాటు. ఇంట్లో ఉన్న మానిటర్‌తో మొదలుపెట్టి వెనుకకు రావాలి.

తెరపై కనిపించే బొమ్మ చిన్న చిన్న చుక్కల సముదాయం. సాధారణమైన మానిటర్‌లో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చొప్పున సుమారు 20 లక్షల 74 వేల చుక్కలుంటాయి. దానికి పైమెట్టున ఉన్న 2,560 – 1,440 తెరలో అవి దాదాపు 37 లక్షలు. ‘ఫోర్ కే’ అని పిలిచే తెరలో దాదాపు 83 లక్షలు. ఆట నడుస్తున్నంతసేపూ ఈ చుక్కలన్నింటికీ సెకనుకు అనేక పర్యాయాలు రంగు నిర్ణయించడమే గ్రాఫిక్స్ కార్డు పని. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే అది సెకనుకు 60 బొమ్మలనే చూపగలదు. కార్డు 140 బొమ్మలు గీసినా కంటికి చేరేవి 60 మాత్రమే.

ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి ఈ విషయం విడమరచి చెప్పనవసరం లేదు. ఫర్నేస్ ఎంత లోహాన్ని కరిగించి ఇచ్చినా, రోలింగ్ మిల్లు ఎంత సాగదీయగలదో అంతే రైలు పట్టా బయటికి వస్తుంది. కంప్యూటర్‌లో రోలింగ్ మిల్లు స్థానం మానిటర్‌ది.

లేఖను బట్టి చూస్తే వారి ఇంట ఉన్నది 60 హెర్ట్జ్ మానిటర్. ప్రస్తుతం వాడుతున్నది 2019లో విడుదలైన జీటీఎక్స్ 1650 కార్డు. అబ్బాయి ఎక్కువగా ఆడేది వాలొరెంట్. ఇది తేలికైన ఆట. ఆ పాత కార్డే దానిని సెకనుకు నూరు బొమ్మలకు మించి నడపగలదు. అబ్బాయి ఆడేది ఇదొక్కటే అయితే కొనవలసినది కార్డు కాదు, 144 హెర్ట్జ్ మానిటర్. ఖర్చు సగానికి తగ్గుతుంది, కంటికి తెలిసే మార్పు మాత్రం ఎక్కువగా ఉంటుంది. కనుక రాబోయే రెండేళ్లలో తాను ఆడదలచిన ఆటల పేర్లు అబ్బాయి చేత ఒక కాగితం మీద వ్రాయించండి. అందులో సైబర్‌పంక్ 2077 వంటి బరువైన ఆటలుంటేనే ముందుకు వెళ్దాం.

అప్పుడు చూడవలసిన రెండవ విషయం కార్డు మీది మెమరీ. ఆటలోని గోడలు, చెట్లు, ముఖాల రూపురేఖలన్నీ ముందుగా ఈ మెమరీలోకి చేరాలి. అది చాలకపోతే కంప్యూటర్ ప్రధాన మెమరీ నుండి మాటిమాటికీ తెచ్చుకోవలసి వస్తుంది. అప్పుడు బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో మొత్తం మెమరీ 16 జీబీ. పెద్ద ఆటలను రూపొందించేవారు అటువంటి యంత్రాలను దృష్టిలో ఉంచుకొనే పని చేస్తారు. అందువలన 8 జీబీ కార్డులు కొన్ని కొత్త ఆటలలో ఉన్నత స్థాయి చిత్రాల దగ్గర ఇప్పటికే తడబడుతున్నాయి. నాలుగైదేళ్లు వాడదలచినవారు 12 జీబీకి తగ్గకుండా చూసుకోవడం మేలు.

ఇక్కడే పేర్ల మాయ ఒకటి ఉన్నది. 2025లో విడుదలైన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కార్డులు రెండూ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రూపాలలో దొరుకుతాయి. 2021లో 12 జీబీతో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి మరుసటి సంవత్సరం అదే పేరుతో 8 జీబీ తమ్ముడు పుట్టాడు. మెమరీకి వెళ్లే దారిని కూడా 192 బిట్ల నుండి 128 బిట్లకు కుదించారు. పేరు మారలేదు, సత్తువ తగ్గింది. కనుక పెట్టె మీద, బిల్లు మీద ఎన్ని జీబీలో స్పష్టంగా వ్రాసి ఉన్నదా అని చూడకుండా డబ్బు చెల్లించవద్దు.

ప్రకటనలను కూడా తూచి చూడాలి. 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు, 2022లో 1,599 డాలర్లకు వచ్చిన 4090కి సమానమని 2025 జనవరిలో ఎన్‌విడియా అధిపతి జెన్‌సెన్ హువాంగ్ ప్రకటించారు. ఆ లెక్కలో కార్డు నిజంగా గీసిన బొమ్మల నడుమ కృత్రిమ మేధ అల్లి చేర్చిన బొమ్మలు కూడా కలిసి ఉన్నాయి. అవి కదలికను నునుపుగా చూపిస్తాయి గాని, మీట నొక్కినప్పుడు ఆట స్పందించే వేగాన్ని పెంచవు. ఇటువంటి బొమ్మలు కలపకుండా కొలిచిన లెక్కలనే పోల్చుకోవాలి.

మూడవది విద్యుత్తు. జీటీఎక్స్ 1650 సుమారు 75 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మదర్‌బోర్డులోని గాడి ఇవ్వగలిగినదీ అంతే. కొత్త కార్డులకు అది చాలదు. ఆర్‌టీఎక్స్ 5060కి 145, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160, ఇంటెల్ ఆర్క్ బీ580కి 190 వాట్లు కావాలి. ఈ అదనపు విద్యుత్తు పవర్ సప్లై నుండి వేరే తీగ ద్వారా అందుతుంది. పేరు తెలియని కంపెనీ చౌక పవర్ సప్లై మీద ‘450 వాట్లు’ అని వ్రాసి ఉన్నంత మాత్రాన దానిని నమ్మరాదు. అది చెడినప్పుడు తాను ఒక్కటే చెడిపోక, మదర్‌బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోగలదు. పేరున్న 550 లేక 650 వాట్ల పవర్ సప్లైకి అయ్యే నాలుగైదు వేలను కార్డు ఖర్చులో భాగంగానే లెక్కించాలి.

కార్డు తీసుకున్న ప్రతి వాటూ చివరకు వేడిగా మారి గదిలోకే వస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే భిలాయిలో ఇది చిన్న విషయం కాదు. బాగా వేడెక్కిన కార్డు తన్ను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ముందువైపు గాలి లోపలికి రావడానికి జాలీ ఉన్న కేబినెట్, రెండు ఫ్యాన్ల కార్డు ఎంచుకొని, నెలకొకసారి ధూళి దులిపితే చాలావరకు సరిపోతుంది. విద్యుత్తు బిల్లుకు అంతగా భయపడనక్కరలేదు. 160 వాట్ల కార్డు రోజుకు మూడు గంటలు పూర్తి బలంతో నడిచినా నెలకు సుమారు 14 యూనిట్లు.

వాడిన కార్డు చౌకగా వస్తుందని కొందరు ఆశపడతారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం తన పద్ధతి మార్చుకొన్న తరువాత, రాత్రింబవళ్లు నాణేలు తవ్విన కార్డులు విరివిగా సంతకు వచ్చాయి. బిల్లూ వారంటీ మిగిలి ఉండి, మీ కంప్యూటర్‌లోనే అరగంట నడిపి చూపిస్తే తప్ప అటువైపు పోకపోవడమే క్షేమం.

ఇక లేఖకు తీర్పు. అబ్బాయి కాగితంలో బరువైన ఆటలు ఉన్నట్లయితే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ మా మొదటి ఎంపిక. పాత మదర్‌బోర్డులకు కూడా ఇది అనుకూలం. 5060, బీ580 కార్డులు ఎనిమిది దారులనే వాడుకుంటాయి, ఇది పదహారు దారులనూ వాడుకుంటుంది. అమెరికాలో దీని విడుదల ధర 349 డాలర్లు. మన దేశంలో 18 శాతం జీఎస్టీ వగైరాలు కలుస్తాయి. పవర్ సప్లైతో కలిపి 35,000 దాటితే, 249 డాలర్లకు విడుదలైన 12 జీబీ బీ580ని పరిశీలించవచ్చు. అయితే దానికి మదర్‌బోర్డులో ‘రీసైజబుల్ బార్’ సదుపాయం తప్పనిసరి. ఉన్నదో లేదో అబ్బాయి చేతనే పరీక్ష చేయించండి. రెండూ అందకపోతే ఈ నెల పవర్ సప్లై మాత్రం కొని, కార్డుకు మరి రెండు నెలలు ఆగండి. అబ్బాయి చెప్పిన 5060 చెడ్డ కార్డు కాదు. దానికి ఉన్నది 8 జీబీ మాత్రమే. దుకాణదారు ఎక్కువ ధర చెప్పిన 5060 టీఐ కూడా 8 జీబీదే అయితే, ఆ అదనపు వేలు మెమరీ కొరతను తీర్చవు.