స్విమ్మింగు పూలు, ఎదురుపోత



మా చేవెళ్ల ప్రాంతంలో పూలు అన్న మాటకు మొన్నమొన్నటి వరకు బంతి, చామంతి అనియే అర్థం. ఇప్పుడు ముడిమ్యాల మొదలుకొని మొయినాబాదు దాకా, ఫాంహౌసుల ప్రహరీల వెనుక మరొక జాతి పూలు విరబూస్తున్నాయి. అవి స్విమ్మింగు పూలు. జీవితమంతా తెలుగు వ్యాకరణం బోధించినవాణ్ణి కనుక ఈ శ్లేషను వదలబుద్ధి కాలేదు. మన్నించగలరు.

ఈతకొలనులు ఉండరాదని నేను వాదించబోవడం లేదు. నా వాదం ఇంతే: బోరునీటితో కొలను నింపుకొనేవాడు దాని ఫిల్టరు సంగతి తాను తెలుసుకోవాలి, దానిని కడిగే మనిషికి తెలుగులో నేర్పాలి. ఈ రెంటికీ ఓపిక లేనివాడు కొలను తవ్వించకపోవడమే మేలు.

ఎందుకో లెక్క చూడండి. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న చిన్న కొలనులో దాదాపు 45,000 లీటర్లు పడతాయి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. యజమాని శనివారం వస్తాడు, ఆదివారం వెళతాడు. కరెంటు బిల్లు మిగులుతుందని వారమంతా పంపు ఆపివేయిస్తాడు. ఇంటి కొలనులో నీరంతా ఒకసారి ఫిల్టరు గుండా తిరిగి రావడానికి ఆరు నుండి ఎనిమిది గంటలు పడుతుంది. అది ప్రతిదినమూ జరగవలసిన పని. జరగకపోతే మా ఎండలకు నాలుగు రోజుల్లో నీరు పచ్చబారుతుంది. శుక్రవారం ఫోను వస్తుంది: "రేపు చుట్టాలొస్తున్నారు, నీళ్లన్నీ తీసేసి కొత్తవి నింపు." పక్క చేనులో టమాటాకు నీరందక రైతు బోరు వంక చూస్తూ కూర్చున్న వేసవిలోనే ఇక్కడ తొమ్మిది ట్యాంకర్ల నీరు కాలువ పాలవుతుంది.

ఫిల్టరును వెనుకకు కడగడానికి ఎంత నీరు కావాలి? చిన్న పంపు నిమిషానికి 200 లీటర్లు తోస్తుందనుకొంటే, మూడు నిమిషాలకు 600 లీటర్లు. ఒక్కసారి కొలను ఖాళీ చేసే నీటితో డెబ్బై అయిదు సార్లు ఫిల్టరు కడగవచ్చు. వారానికొకసారి చొప్పున ఏడాదిన్నరకు సరిపోయే నీరది.

ఆ యంత్రంలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక పెద్ద కుండ, దానిలో ఇసుక. అది ఇంటి కట్టుబడికి తెచ్చే ఇసుక కాదు. అర మిల్లీమీటరు పరిమాణంలో, జల్లించిన పలుకురాతి ఇసుక. పంపు ముందున్న బుట్టలో ఆకులు, వెంట్రుకలు ఆగుతాయి. సన్నని మురికి ఇసుకలో చిక్కుకొంటుంది. చిక్కుకొన్న కొద్దీ నీటికి దారి ఇరుకై కుండపైని ముల్లు పైకి జరుగుతుంది. ఇసుక శుభ్రంగా ఉన్ననాడు ముల్లు ఎక్కడున్నదో గుర్తు పెట్టుకొని, అంతకన్న ఎనిమిది పది పీఎస్‌ఐ పెరిగిననాడు కడగాలి. రోజూ కడగడం కూడా తప్పే. కొద్దిపాటి మురికి పట్టిన ఇసుకయే సన్నని నలుసులను బాగా పడుతుంది. మా నానమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసినా, మనం పటిక తిప్పినా జరిగే పని ఇటువంటిదే, నలుసులను ఒకచోట చేర్చడం. సుశ్రుతుడు చెప్పిన కతకం ఈ చిల్లగింజయే.

మా బోరునీటిలో సున్నం పాలు ఎక్కువైన చోట ఇసుక గడ్డకడుతుంది. గడ్డల మధ్య సందులు చేసుకొని నీరు వచ్చినది వచ్చినట్లే పోతుంది. అప్పుడు ఎంత కడిగినా ఫలం లేదు. మూత తీసి ఇసుక మార్చవలసిందే. మామూలుగా అయిదారేళ్లకొకసారి ఎలాగూ మార్చాలి.

ఇక నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన విషయం. కుండమీద ఆరు గళ్లున్న ఒక పిడి ఉంటుంది. ఆ ఆరు గళ్లపైనా ఆంగ్లమే. నా పూర్వ విద్యార్థి ఒకడు ఇక్కడి ఒక తోటలో కాపలాకు కుదిరాడు. ఏ గడి దేనికో వానికెవరూ చెప్పలేదు. పంపు నడుస్తుండగానే పిడి తిప్పేవాడు. లోపలి రబ్బరు తెగి, కొలనులోని నీరు పదిరోజులు తెలియకుండా బయటికి పోయింది. తిట్లు మాత్రం వానికి దక్కాయి. చదవరాని అక్షరాల ముందు మనిషిని నిలిపి, తరువాత మొద్దు అనడం న్యాయమా?

ఇద్దరం కూర్చొని పేర్లు పెట్టుకొన్నాము. నీరు ఇసుక గుండా దిగే గడి వడపోత. కింది నుండి పైకి తన్ని మురికిని వెడలగొట్టేది ఎదురుపోత. కడిగిన తరువాత అరనిమిషం, నిమిషం ఇసుకను సర్దేది జాడింపు. ఫిల్టరుతో పని లేకుండా నీటిని బయటికి పంపేది పారబోత. చివరిది మూత. మిగిలిన దానిలో నీరు ఇసుకను తాకకుండానే తిరిగి వస్తుంది. దానికి వాడు "తిరుగుబోతు" అన్నాడు. నలభై మంది పండితులు కూర్చున్నా ఇంతకన్న మంచి మాట తేలేరు. రంగుతో రాసి అతికించాము. పంపు ఆపకుండా పిడి ముట్టరాదని పైన ఎర్రక్షరాలు.

మందుల సంగతి ఇంతకన్న తీవ్రమైనది. యాసిడ్డు, బ్లీచింగు పౌడరు కలిస్తే పుట్టేది క్లోరిను విషవాయువు. రెండూ ఒకే గదిలో, ఒకే మగ్గుతో వాడడం నేను కళ్లారా చూచాను. డబ్బాపై హెచ్చరిక ఉన్నది, ఆంగ్లంలో. ఆ మగ్గు పట్టుకొనేవాని ఊపిరితిత్తులు తెలుగువి. క్లోరిను మానేద్దామా అంటే అదీ కుదరదు. 2024, 2025 సంవత్సరాలలో కేరళలో వచ్చిన అమీబా మెదడువాపు కేసులు, నిలువనీటిలో క్లోరిను ఎందుకు ఉండాలో చెప్పాయి. లీటరుకు ఒకటి నుండి మూడు మిల్లీగ్రాముల క్లోరిను, 7.2 నుండి 7.8 మధ్య పీహెచ్. పరీక్షించే పెట్టె వెల యజమాని ఒక పూట భోజనం ఖర్చుకు మించదు.

ఎదురుపోత నీటిని పక్కవాని చేలోకి గాని వాగులోకి గాని వదలరాదు. మొయినాబాదు వైపు వాన నీరు చేరేది 1920లో కట్టిన ఉస్మాన్‌సాగరుకు, 1927లో కట్టిన హిమాయత్‌సాగరుకు. వాటి కోసమే 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. జీవోలు రావచ్చు, పోవచ్చు, నేల వాలు మారదు కదా. ఒక గుంటలో రెండు మూడు రోజులు ఎండకు నిలిపితే క్లోరిను విరిగి, ఆ నీరు చెట్లకు పనికివస్తుంది. ఉప్పుతో నడిచే కొలనైతే పనికిరాదు.

2024 మార్చిలో నీటికరువు వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి ఈతకొలనులకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నది. మన దగ్గర అంతదాకా రానీయకుండా, కొలను కట్టే గుత్తేదారే తెలుగు పట్టీ అతికించి, కాపలాదారుకు ఒకపూట నేర్పి వెళ్లాలని ఎవరైనా నియమం పెడితే చాలును.

ముల్లు ఉన్న ఆ గుండ్రని పరికరానికి మాత్రం మాకింకా పేరు కుదరలేదు. వాడు "గడియారం" అంటున్నాడు. నాకది రుచించడం లేదు. మీకేదైనా తోస్తే వ్యాఖ్యలో తెలియజేయండి, పట్టీపై ఆ ఒక్క చోటు ఖాళీగా ఉంచాము.