సొంత మగ్గము, పరాయి నూలు

స్వతంత్రముగా బ్రతుకుట మేలా, ఒకరి క్రింద పనిచేయుట మేలా యను ప్రశ్న, కొలువు మానుకొనదలచిన పట్టణవాసికి జీవితమున ఒకసారియో రెండుసార్లో ఎదురగునది కావచ్చును గాని, పోచంపల్లి, చీరాల, మంగళగిరి, ధర్మవరము వంటి నేతకేంద్రములలోని కుటుంబములకు మాత్రము, మగ్గముపై నున్న పడుగు ముగిసి క్రొత్త పడుగు ఎక్కించవలసిన ప్రతిసారియు ఎదురగుచునే యుండును. నూలు తానే కొని, తానే నేసి, తానే అమ్ముకొనువాడు సొంతనేతగాడు; మాస్టర్ వీవరు ఇచ్చిన నూలును, రంగులను, జరీని, నమూనాను తెచ్చుకొని, నేసిన చీరను ఆయనకే అప్పగించి మజూరీ పుచ్చుకొనువాడు కూలినేతగాడు. ఇరువురి మగ్గములును వారి యిండ్లలోనే యుండును. ఇరువురి యిండ్లలోను కండెలు చుట్టునది ఎక్కువగా ఆడవారే. మగ్గముపై నున్న నూలు ఎవరి డబ్బుతో వచ్చినదో అడిగి తెలిసికొన్ననే గాని, వారిలో ఎవరు స్వతంత్రులో పైకి తెలియరాదు.

ఈ ఎంపిక ధైర్యమునకు సంబంధించినదని పలువురు తలంతురు. నేనట్లు తలంపను. సరుకు కొన్న నాటికిని అమ్ముడుపోయిన నాటికిని నడుమ గల కాలమును భరించు శక్తి ఎవరికున్నదనునదే ఇచ్చటి అసలు ప్రశ్న. పోచంపల్లి పట్టుచీర తయారగు విధమును గమనించిన ఈ సంగతి బోధపడును. పేకదారమును ముందుగా ఆసు పోయవలెను. అనగా, అర్ధచంద్రాకారముగా మేకులు దిగగొట్టిన చట్రముపై, దారమును ఇటునుండి అటు త్రిప్పుచు, ఒక్క చీరకై చేతిని వేలసార్లు ఆడింపవలెను. ఆడువారి భుజములను అరగదీసిన పని ఇది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి పడు బాధ చూడలేక ఆసుయంత్రమును నిర్మించి, దానికి ఆమె పేరే పెట్టి, 2017లో పద్మశ్రీ పురస్కారము నందుకొనెను. ఆసు ముగిసిన పిమ్మట దారముపై నమూనా గుర్తులు పెట్టి, రంగు అంటరాని చోట్ల రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, రెండవ రంగుకై మరల కట్టవలెను. ఇవన్నియు ముగిసిన తరువాతనే ఆ దారము కండెకెక్కి నాడెలో చేరును. ఇన్నాళ్ళును చేతి డబ్బు పోవుటయే గాని వచ్చుట యుండదు. చీర మగ్గము దిగిన తరువాతనైనను వెంటనే కొనువారుందురా యన్న, శ్రావణమాసమునకును పెండ్లిముహూర్తములకును ఉన్న గిరాకి మూఢములలో నుండదు. వానాకాలమున గుంటమగ్గపు గుంటలో నీరూరి పని నిలుచును. పట్టు ధరయా, నెలనెలకును మారుచుండును.

2019-20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణన దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారున్నట్లును, నేతకుటుంబములలో సుమారు మూడింట రెండు వంతులవారి నెలసరి ఆదాయము 5,000 రూపాయలకు లోబడియే యున్నట్లును తెలిపినది. అట్టి రాబడితో రెండుమూడు మాసములు సరుకు నిలువ యుంచుకొనుట ఎవరి తరము? బిడ్డ బడిఫీజు కట్టవలసిన నాడు సొంతనేతగాడు చీరను దుకాణదారు చెప్పిన ధరకే ఇచ్చివేయును. అప్పుడతనికి మిగులునది కొన్నిమార్లు కూలినేతగాని మజూరీకంటెను తక్కువగా నుండును.

కూలినేతగానికి ఈ చింత లేదు గాని, ముందుగా తెచ్చుకొన్న అడ్వాన్సు తీరువరకును మరియొకరి నూలు ముట్టుకొన వీలులేదు. పని చీరల లెక్కన గనుక, జ్వరము వచ్చిన దినమున మజూరీ లేదు; ఇల్లే కార్ఖానా గనుక, కర్మాగారములలోని కార్మికునికున్న భవిష్యనిధి లేదు. ఉద్యోగికుండు భద్రతయు, స్వతంత్రునికుండు స్వేచ్ఛయు రెండును అతనికి దక్కకుండుట నన్ను మిక్కిలి కలతపెట్టుచున్నది. అట్లని మాస్టర్ వీవర్లనందరిని దోషులుగా నిలబెట్టుటయు న్యాయము కాదు. నగరములలోని దుకాణములు సరుకు అరువునకు తీసికొని నెలల తరబడి సొమ్ము ఈయనప్పుడు ఆ భారము మొదట పడునది వారిమీదనే.

ఈ రెండు మార్గములకు నడుమ మూడవదియు ఒకటి గలదు. ప్రగడ కోటయ్య వంటి చేనేత నాయకులు జీవితమంతయు దేనికై పాటుపడిరో ఆ సహకారసంఘము నూలు తానిచ్చి, బట్ట తాను కొని, మజూరీ కట్టి, అమ్మకము ఆలస్యమైనచో ఆ కాలభారమును తానే మోయును. నేతగాడు అందులో కూలివాడు కాడు, సభ్యుడు. సంఘముల సరుకు కొనుటకై 1976లో రాష్ట్రస్థాయి చేనేత సహకారసంఘమైన ఆప్కో ఏర్పడినది. కాని ఆ కొనుగోళ్ళ సొమ్ము బకాయిపడినపుడెల్ల సంఘము చేతిలో నూలు కొనుటకు డబ్బుండక, సభ్యుడు తిరిగి మాస్టర్ వీవరు గడప త్రొక్కవలసి వచ్చుచున్నది. పాలకవర్గములకు ఎన్నికలు జరుగక ఏండ్లకేండ్లు అధికారుల చేతులలోనే నడచిన సంఘములలో సభ్యుని మాటకు విలువ యుండదు. సంఘము చక్కగా నడచినను మిల్లుపోటీ తప్పదు. అట్లు దారము కట్టి రంగులు వేసి నేయు పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళిక సూచిక లభించినను, ఆ నమూనాలను అచ్చొత్తిన మిల్లుబట్ట అంగడులలో అగ్గువకు దొరకుచునేయున్నది. కొన్ని రకములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చేసిన చట్టము గట్టిగా అమలైనచో ఆ పోటీ కొంతయైనను తగ్గియుండెడిది.

క్రొత్తగా సొంతనేతకు దిగదలచిన యువకులకు నేను చెప్పగలిగినది ఇంతే: ఇంట రెండు మగ్గములున్నచో ఒకదానిపై కూలి పడుగును, రెండవదానిపై సొంత పడుగును నడుపుడు, ఒక పడుగు చీరలు అమ్ముడుపోకున్నను మరియొక పడుగునకు నూలు కొనగల సొమ్ము చేరిన తరువాతనే మాస్టర్ వీవరు పని విడువుడు. ఇక రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు ఒక విన్నపము. 2015నుండి ఏటేట ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవము జరుపుకొనుచు నేతకళాకారులను సన్మానించుచున్నారు, సంతోషము. రాబోవు ఆగస్టు 7నాటికి సంఘములకు రావలసిన బకాయీలను పూర్తిగా చెల్లించి, పాలకవర్గములకు ఎన్నికలు జరిపింపుడు.