ఓడ ఎక్కే అమ్మానాన్నలకు స్పా పాసు కొనాలా?

మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి మన ఓ.పి.లో ఒక రకం పెద్దవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. వారు వచ్చేది ఒంట్లో బాగోలేక కాదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తూ ఆరు నెలలకు సరిపడా మందులు రాయించుకోవడానికి, ఆ చీటీని ఇంగ్లీషులో టైపు చేయించుకోవడానికి వస్తారు. ఇదివరకు వారు అడిగే ప్రశ్నలు రెండే. విమానంలో ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకోవాలి? ఆవకాయ తీసుకెళ్తే బి.పి. పెరుగుతుందా? ఇప్పుడు మూడోది వచ్చింది. "మావాడు ఓడ టిక్కెట్లు తీశాడండీ. స్పా పాసు కూడా తీసుకుంటానంటున్నాడు. మాకు పడుతుందా?"

ఇది ఆసుపత్రి పత్రికలో రాయవలసిన విషయమా అని మేము కూడా మొదట అనుకున్నాం. ఒక మాస్టారి పాదాలు చూశాక రాయాలనే అనిపించింది.

వారిది పర్చూరు దగ్గర పల్లె. మాస్టారు రిటైరయ్యారు. వయసు అరవై ఎనిమిది, షుగరు వచ్చి పదిహేడేళ్లు, బి.పి.కి రెండు మాత్రలు. అమ్మగారికి షుగరు లేదు, మోకాళ్ల అరుగుదల ఉంది. బడి జీతం చాలని రోజుల్లో పొలం పని అంతా ఆవిడ మీదే నడిచింది. పత్తి తీతలు, మిరప కోతలు, కల్లంలో వంగి కాయ ఏరడం ముప్పై ఏళ్లు చేస్తే మోకాళ్లు అరగక ఏం చేస్తాయి? కొడుకు సియాటిల్‌లో ఉద్యోగం. అక్కడి నుంచి వేసవిలో అలాస్కాకు వెళ్లే ఓడలో వారం రోజులు తిప్పాలని అతని కోరిక. మా ముందే ఫోను కలిపి స్పీకరులో పెట్టారు. "డాక్టరుగారూ, ఇద్దరికీ కలిపి తీసుకుంటే తగ్గింపు ఉంది. ముందే తీసుకోకపోతే పాసులు అయిపోతాయంటున్నారు. అమ్మ ఏనాడూ ఒక్క రోజు కూడా విశ్రాంతి తీసుకోలేదండీ" అన్నాడు. ఆ చివరి మాటతో అసలు సంగతి బయటపడింది.

ఇంతకీ ఈ పాసు అంటే ఏమిటి? పెద్ద ఓడల్లో థర్మల్ సూట్ అనే ఒక భాగం ఉంటుంది. అందులో పొడి వేడి గది ఉంటుంది, దానిని సౌనా అంటారు. ఆవిరి గది, గోరువెచ్చటి నీళ్ల కొలను, అద్దాల కిటికీల ముందు వేడి చేసిన పలకల పడకలు కూడా ఉంటాయి. పాసు ఉన్నవారిని మాత్రమే లోపలికి రానిస్తారు. కొన్నేళ్ల క్రితం మన పట్టణాల్లో వేడి రాళ్లు దొర్లే మంచాల మీద ఉచితంగా పడుకోబెట్టిన కేంద్రాలు గుర్తున్నాయా? తెల్లారకముందే వెళ్లి వరుసలో కూర్చునేవారు. ఓడలోని పడక కదలదు, ఉచితమూ కాదు. వెచ్చగా ఉంటుంది, అంతే.

చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఈ పాసులో మాలిష్ కలిసి ఉండదు. ఒళ్లు పట్టించుకోవాలంటే దానికి వేరే బిల్లు. ఆ బిల్లు మీద సాధారణంగా 18 నుంచి 20 శాతం దాకా టిప్పు వారే కలిపేస్తారు. పాసు కొంటే అన్నీ వచ్చేస్తాయనుకుని వెళ్లినవారు చివరి రోజు లెక్క చూసి నోరు తెరుస్తారు.

పాసు ధర ఓడను బట్టి మారుతుంది. ఏడు రాత్రులకు మనిషికి 150 నుంచి 300 డాలర్ల మధ్య ఉండడం మామూలు. 200 అనుకుందాం. డాలరు 85 రూపాయల చొప్పున వేసుకున్నా ఇద్దరికీ 34,000. మాస్టారు వెంటనే మిర్చి లెక్కలోకి మార్చేశారు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద మన మిర్చికి ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. అంటే దాదాపు మూడు క్వింటాళ్లు, యార్డు భాషలో ఏడు టిక్కీలు. "చెమట పట్టించుకోవడానికి ఏడు టిక్కీలా? రెంటచింతలలో మే నెల గడిపితే రూపాయి ఖర్చు లేదు కదండీ" అన్నారాయన. మేము నవ్వాం. కొడుకు నవ్వలేదు. తన జీతంతో లెక్క చూస్తే ఆ మొత్తం ఒక రోజు సంపాదన కూడా కాకపోవచ్చు. తండ్రి టిక్కీలలో, కొడుకు డాలర్లలో లెక్కవేస్తుంటే తీర్పు చెప్పడం మా పని కాదు. వేడి ఎవరికి పడుతుంది, ఎవరికి పడదు అన్నది మాత్రం మా పనే.

మాస్టారి చెప్పులు విప్పించి, కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంతో అరికాలి మీద అక్కడక్కడ ఆనించాం. తెలిస్తే చెప్పమన్నాం. పది చోట్ల ఆనిస్తే మూడు చోట్లే తెలిసింది. "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు, వెనక్కి తిరిగి చూసుకుంటే ఉండదు" అని అప్పుడు చెప్పారు. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్న పాదాలు ఇలాగే మొద్దుబారతాయి. ఇలాంటి పాదాలతో వేడి పలక మీద అరగంట పడుకుంటే కాలుతున్నా తెలియదు. మామూలు మనిషి "అబ్బ" అని కాలు తీసేస్తాడు, ఈయన నిద్రపోతారు. మండువేసవిలో గుడి బయట చెప్పులు విడిచి ఆ బండల మీద నడిచి బొబ్బలతో వచ్చేవారిని, వేడి ఇటుకతో కాపడం పెట్టుకుని పుండు చేసుకున్నవారిని ప్రతి ఏడూ చూస్తున్నాం. ఆ పుండ్లు నెలల తరబడి మానవు. కొందరికి వేలు తీయవలసి వస్తుంది.

రెండో సంగతి బి.పి. మాత్రలు. వేడికి చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తపోటు దిగుతుంది. మాత్ర కూడా దానిని దించే పనిలోనే ఉంటుంది. రెండూ కలిస్తే ఆవిరి గదిలోంచి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మూత్రం ఎక్కువగా పోయించే బి.పి. మాత్రలు, ప్రోస్టేటు కోసం వాడే కొన్ని మాత్రలు, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. తడి నేల, ఊగే ఓడ, డెబ్బై ఏళ్ల తుంటి ఎముక. ఇంతకంటే చెప్పనక్కరలేదు. అలాగని ఆ రోజు మాత్ర మానేసి వెళ్లడం ఇంకా తప్పు.

ఇన్సులిన్ వేసుకునేవారికి మరొకటి ఉంది. ఒళ్లు వేడెక్కితే సూది వేసిన చోట నుంచి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు చెమట పడుతుంది. కానీ ఆవిరి గదిలో అందరికీ చెమటే కాబట్టి పక్కవారు కూడా పోల్చుకోలేరు.

ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు, కొద్దిపాటి శ్రమకే ఛాతీ నొప్పి వచ్చేవారు, గుండె కవాటం బాగా ముడుచుకుపోయినవారు, గర్భిణీలు ఆ గదుల జోలికి వెళ్లవద్దు. పెద్దవాళ్లను చూసుకోవడానికి తోడు వెళ్లే కోడళ్లలో గర్భిణీలు ఉంటారు కాబట్టి ఆ మాట కూడా రాస్తున్నాం.

ఇంత చెప్తే, సౌనా గుండెకు మంచిదని వార్తల్లో చదివామే అని కొందరు అడుగుతారు. ఆ పరిశోధన నిజమే. ఫిన్లాండ్‌లో 2,315 మంది నడివయసు మగవారిని సుమారు ఇరవై ఏళ్లు గమనించి 2015లో ప్రచురించారు. వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాకు వెళ్లేవారిలో, ఒక్కసారే వెళ్లేవారి కంటే గుండె జబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. కానీ వారు చిన్నప్పటి నుంచీ అలవాటున్న మనుషులు. పైగా రోజూ సౌనాకు వెళ్లగలిగినవారు ముందే ఆరోగ్యవంతులు అయ్యుండవచ్చు కూడా. ఓడలో వారం రోజుల పాసుతో ఆ ఫలితం వస్తుందని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు. ఒంట్లో విషాలు బయటికి పోతాయని స్పా వారు చెప్పే మాటకైతే ఏ ఆధారమూ లేదు. ఆ పని మన మూత్రపిండాలు, కాలేయం రోజూ జీతం అడక్కుండా చేస్తూనే ఉన్నాయి.

వేడి నీళ్ల తొట్ల గురించి కూడా ఒక మాట. 1994లో న్యూయార్క్ నుంచి బెర్ముడా వెళ్లి వచ్చే ఒక ఓడలో యాభై మందికి లెజియోనేర్స్ అనే న్యుమోనియా వచ్చింది. ఓడలోని సుడినీళ్ల తొట్టె దానికి కారణమని తేలింది. 2022 నవంబరు నుంచి 2024 మధ్య వరకు రెండు ఓడల్లో పన్నెండు మందికి అదే జబ్బు వస్తే, గదుల బాల్కనీల్లోని వేడి నీళ్ల తొట్లను అమెరికా ఆరోగ్య శాఖ అనుమానించి పరీక్షించింది. లక్షల మంది తిరిగే ఓడల్లో ఇది చిన్న సంఖ్యే, భయపడి మానుకోనక్కరలేదు. కానీ ఆ జబ్బు నీటి తుంపర పీల్చిన రెండు రోజుల నుంచి రెండు వారాల దాకా బయటపడవచ్చు. అంటే జ్వరం, దగ్గు మీ ఊరు తిరిగి వచ్చాకే మొదలవవచ్చు. అలా వస్తే "ఓడలో వేడి నీళ్ల తొట్టెలో కూర్చున్నాం" అని డాక్టరుకు తప్పక చెప్పండి. మామూలుగా మొదట రాసే కొన్ని యాంటీబయాటిక్‌లు ఆ క్రిమి మీద పనిచేయవు.

మాలిష్ చేయించుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇరవై గంటల విమాన ప్రయాణం తరువాత ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే దాన్ని పిసికించుకోవద్దు. అది లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం అయ్యే అవకాశం ఉంది. ముందు పరీక్ష చేయించుకోవాలి.

ఇక అమ్మగారి విషయం. ఆవిడ పాదాలకు స్పర్శ బాగుంది, బి.పి. లేదు, గుండె బాగుంది. గోరువెచ్చటి నీళ్లలో నిలబడితే ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు, కండరాలు సడలుతాయి, నేల మీద చేయలేని వ్యాయామం నీళ్లలో చేయగలుగుతారు. అలాస్కా చలిలో బిగుసుకునే కీళ్లకు అది నిజంగా హాయి. కాబట్టి ఆవిడకు పాసు దండగని మేము అనలేం. మాస్టారికి మాత్రం వద్దు. జంట పాసులో తగ్గింపు ఉందని, ఆయనకు పనికిరానిది కొనడం ఏం ఆదా?

మాస్టారి భార్యకైనా ఎన్ని రోజులు? ఏడు రాత్రుల ప్రయాణంలో పూర్తిగా సముద్రం మీద ఉండేది రెండు మూడు రోజులే. మిగతా రోజుల్లో ఓడ రేవులో ఆగుతుంది, ఊరు చూడడానికి దిగుతారు, సాయంత్రానికి అలసిపోయి వస్తారు. ఏడు రోజుల డబ్బు కట్టి మూడు రోజులు వాడుకుంటున్నారన్నమాట. కొన్ని ఓడల్లో ఒక రోజు పాసు కూడా దొరుకుతుంది. ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం స్పాను ఉచితంగా తిప్పి చూపిస్తారు. అప్పుడు చూసి, నేల జారుతుందా, పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయా గమనించి నిర్ణయించుకోవచ్చు. పాసులు అయిపోతే అయిపోనివ్వండి. పై అంతస్తులో అందరికీ ఉచితంగా ఈతకొలను, వేడి నీళ్ల తొట్లు ఉంటాయి.

విశాఖ వైపు నుంచి వెళ్లేవారికి ఈ గొడవ తక్కువ. 2022 జూన్‌లో కార్డీలియా ఓడ చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మధ్య తిరిగినప్పుడు మన వాళ్లు కొందరు వెళ్లివచ్చారు. అలాంటి నాలుగైదు రోజుల ప్రయాణానికి స్పా పాసు ఆలోచనే అనవసరం.

అమ్మగారు అంతసేపూ అడగాలా వద్దా అన్నట్టు కూర్చున్న ప్రశ్న ఒకటుంది. మాస్టారు రక్తపరీక్షకు లేచి వెళ్లాక మా లేడీ డాక్టరును మెల్లగా అడిగారు. "డాక్టరమ్మా, అక్కడ ఆడా మగా ఒకటే చోట కూర్చోవాలంటగా? చీరతో దిగనిస్తారా?" చీరతో దిగనివ్వరు. ఈత దుస్తులు వేసుకోవాలి. చేతులు, కాళ్లు పూర్తిగా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి, వాటికి సాధారణంగా ఎవరూ అభ్యంతరం చెప్పరు. చాలా ఓడల్లో ఆడా మగా కలిసే ఉంటారు. యూరప్‌లో కొన్ని ఓడల్లో సౌనాలో బట్టలు లేకుండా కూర్చోవడమే ఆచారం, కాబట్టి పిల్లలు ముందే కనుక్కోవాలి. ఈ ఒక్క బిడియంతో పాసు కొన్నాక ఒక్క రోజు కూడా లోపలికి వెళ్లని తల్లులు ఉన్నారు. వెళ్లామని కొడుకుకు చెప్తారు. అతని మనసు నొప్పించడం ఇష్టం లేక.

పిల్లలకు మా మాట ఇదే. "తీసుకోమంటావా" అని ఫోనులో అడిగితే అమ్మానాన్నలు "నీ ఇష్టం నాన్నా" అంటారు. ఆ జవాబుతో డబ్బు కట్టేయకండి. ఏ మందులు వాడుతున్నారో, పాదాలకు స్పర్శ ఉందో లేదో అడగండి. నలుగురిలో నీళ్లలోకి దిగడం అమ్మకు ఇష్టమో కాదో మీ భార్య చేత అడిగించండి.

వేడి పడేవారు కూడా ఒక్కసారికి అయిదు పది నిమిషాలకు మించి లోపల ఉండవద్దు. భోజనం చేసిన వెంటనే, వైన్ తాగి వెళ్లవద్దు. ఒంటరిగా వెళ్లవద్దు. బయటికి వచ్చాక కాసేపు కూర్చుని నీళ్లు తాగి అప్పుడు లేవాలి.

సెప్టెంబరులో ఆ దంపతులు తిరిగి వచ్చారు. కొడుకు ముందుగా ఏమీ కొనలేదు. ఓడ ఎక్కాక కోడలు, అమ్మగారు కలిసి రెండు రోజులు మాత్రం ఒక రోజు పాసు తీసుకున్నారట. ఆ సమయంలో మాస్టారు మూడు స్వెట్టర్లు వేసుకుని పై అంతస్తులో మనవడితో మంచు కొండలు చూశారు. అమ్మగారు నీళ్లలో ఎలా నడిచారో మా ఓ.పి. గదిలోనే నడిచి చూపించారు. అలాంటి కొలను ఇక్కడ ఉందా అని అడిగారు. మా దగ్గర లేదు. ఫిజియోథెరపీ గదిలో తొడ కండరాల వ్యాయామం నేర్పించాం, రోజూ చేస్తున్నారు. మాస్టారికి వెనక పట్టీ ఉన్న చెప్పులు రాసిచ్చాం. అవి కొనడానికి ఇంకా గుంటూరు వెళ్లలేదట.